అణు ఇంజనీరింగులో డాక్టరేటు: మన ఇళ్లలో అడగని ప్రశ్నలు

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం వెనుక మాట్లాడవలసిరావడం ఏ వక్తకైనా కష్టమే. ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు విని లెక్కలు వేసుకొంటున్నవారికి న్యూట్రానుల గొడవ ఏమి పట్టుతుంది? అయినా కార్యదర్శిగారు పట్టుబట్టి ఈ విషయమే ఇచ్చారు. కారణం లేకపోలేదు. గడచిన ఏడాదిలో మన సంఘంలోని మూడు కుటుంబాలవారు విడివిడిగా మా ఇంటికి వచ్చి ఒకే సంగతి అడిగారు. ఒక ఇంట్లో అబ్బాయి మెకానికల్ ఇంజనీరింగు ముగించి, చేతికందిన సాఫ్ట్‌వేరు ఉద్యోగం కాదని, అణు ఇంజనీరింగులో పరిశోధన చేస్తానంటున్నాడు. రెండవ ఇంట్లో అమ్మాయి ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రం చదివి, కల్పాక్కంలో పరిశోధక విద్యార్థినిగా ఎంపికైనది. మూడవ ఇంటి అబ్బాయి ఇదే చదువుకు అమెరికా వెళ్లాలంటున్నాడు. మూడిళ్లవారూ గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అడిగిన మాట ఒక్కటే: "రేడియేషను సంగతి ఏమిటండీ?" ఆ తరువాత అడగవలసిన ప్రశ్నలు పది ఉన్నవి. ఆ పదీ ఎవరూ అడగలేదు. మేమే ఎత్తి చెప్పవలసివచ్చింది. మూడిళ్లలో చెప్పినది నలుగురిలో చెప్పితే మేలని కార్యదర్శిగారి తలంపు.

మా యోగ్యత ఏమిటని అడిగే హక్కు మీకున్నది. ట్రాంబేలో శిక్షణ పొంది, కల్పాక్కంలో ముప్పయ్యేళ్లకు పైబడి పనిచేసి, ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నాము. విద్యార్థుల పరిశోధనను ఏటా సమీక్షించే సంఘాలలో కూర్చున్నాము. అంతకు మించిన ఘనత ఏమీ లేదు.

ముందుగా అందరూ అడిగిన ప్రశ్నే తీసుకొందాము. వికిరణం, అనగా రేడియేషను, అణుకేంద్రాల గోడల లోపల మాత్రమే ఉండే వస్తువు కాదు. భూమిలోనుంచి, ఆకాశంలోనుంచి, మనం తినే తిండిలోనుంచి అందరికీ కొంత తగులుతూనే ఉంటుంది. దానిని మిల్లీసీవర్టులలో కొలుస్తారు. ప్రపంచంలో సగటు మనిషికి ప్రకృతినుంచి ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్టులు వస్తుంది. కేరళలో కొల్లం దగ్గర కరునాగపల్లి తీరంలో మోనజైటు ఇసుక ఉన్నందున అక్కడివారికి దీనికి కొన్ని రెట్లు తగులుతుంది. తరతరాలుగా వారు అక్కడే పుట్టి, అక్కడే చేపలు పట్టి, అక్కడే పెళ్లిళ్లు చేసుకొంటున్నారు. వారిలో క్యాన్సరు ఎక్కువగా ఉన్నదా అని ఏళ్ల తరబడి లెక్క తీసి చూచారు, ఎక్కువ కనబడలేదు. ఆసుపత్రిలో ఛాతీకి ఒక సి.టి. స్కాను తీయించుకొంటే సుమారు 7 మిల్లీసీవర్టులు. ఇక అణుకేంద్రంలో పనిచేసేవారికి చట్టం విధించిన హద్దు అయిదేళ్లలో మొత్తం 100. ఏ ఒక్క ఏడాదీ 30 దాటరాదు. ఇది హద్దు మాత్రమే, అందరికీ తగిలే మోతాదు అనుకోరాదు. రియాక్టరు పక్కన పనిచేసే ప్రతివారి చొక్కాకూ ఒక చిన్న బిళ్ల ఉంటుంది. నిర్ణీత కాలానికొకసారి దానిని తీసుకొనిపోయి, ఎంత తగిలిందో చదివి, జీవితకాలం లెక్క వ్రాసి ఉంచుతారు. ఇంటి ఖర్చుల పద్దు అంత శ్రద్ధగా వ్రాసేవారిని మేము ఎరుగము.

పరిశోధక విద్యార్థులలో ఎక్కువమంది సంగతి ఇంకా తేలిక. కంప్యూటరు ముందు కూర్చొని లెక్కలు వేసేవారికి, నీటితోనో వేడి సోడియంతోనో ప్రయోగాలు చేసేవారికి, ఉక్కు ముక్కలను సాగదీసి విరిచి చూచేవారికి, రేడియేషనుతో పనే ఉండదు. నాలుగేళ్లు కల్పాక్కంలో చదివి, మన మద్రాసు ఎండ తప్ప మరే కిరణమూ తగలకుండా పట్టా పుచ్చుకొన్నవారిని చాలామందిని చూచాము.

రెండవ ఇంటి సంగతి చెప్పకుండా ముందుకు పోలేము. ఆ అమ్మాయికి ఒక మంచి సంబంధం వచ్చింది. మాటలన్నీ అయిన తరువాత పెళ్లివారిలో ఒక పెద్దాయన, "అణుకేంద్రంలో చదువుతుందట గదా, రేపు పిల్లల మాటేమిటి?" అన్నాడట. సంబంధం అంతటితో ఆగిపోయింది. తల్లి మా ఇంట్లో కూర్చొని కళ్లొత్తుకొంటుంటే అమ్మాయి గోడకేసి చూస్తూ కూర్చున్నది. ఆ పెద్దాయన ఇక్కడ లేరు. ఉన్నా వారికి చెప్పవలసినది ఇదే. తల్లి కాబోయే ఉద్యోగిని ఆ సంగతి తెలియజేసిన నాటినుంచి, కడుపులోని బిడ్డకు ప్రసవం దాకా మొత్తం 1 మిల్లీసీవర్టుకు మించి తగలరాదని నియమం. అనగా అయిదారు నెలల్లో ప్రకృతి ఇచ్చేపాటిది. అందుకోసం ఆమె పని మార్చుతారు. పెళ్లి కానివారికి, పెళ్లయి ఇంకా బిడ్డ లేనివారికి ఈ చదువువల్ల సంతానానికి హాని అనే మాటకు ఆధారం లేదు. హిరోషిమా, నాగసాకీలలో బాంబు పడి బ్రతికినవారికి తరువాత పుట్టిన పిల్లలను డెబ్బది ఏళ్లకు పైగా పరీక్షిస్తూ వచ్చారు. తల్లిదండ్రులకు తగిలిన కిరణాలవల్ల వంశపారంపర్యమైన దోషం పెరిగినట్లు వారిలోనే రుజువు కాలేదు. అటువంటప్పుడు బిళ్ల కట్టుకొని లెక్కప్రకారం పనిచేసే పిల్లను అనుమానించడం అన్యాయమని మా అభిప్రాయం.

ఈ భయం ఇంతటితో సరి. ఇక చదువు ఎటువంటిదో చెప్పాలి.

చాలామంది డాక్టరేటు అంటే ఇంకా పెద్ద చదువు, ఇంకా చాలా పుస్తకాలు, ఇంకా కఠినమైన పరీక్షలు అనుకొంటారు. నిజానికి అది మిక్కిలి ఇరుకైన చదువు. ఇదివరకు ఎవరూ జవాబు చెప్పని ఒక చిన్న ప్రశ్నను పట్టుకొని, జవాబు దొరికేదాకా వదలకపోవడమే దాని సారం. అణు ఇంజనీరింగులో అటువంటి ప్రశ్న ఎట్లా ఉంటుందో ఒకటి రెండు చెప్పుతాము.

యురేనియం అణువు గుండెను న్యూట్రాను కొట్టినప్పుడు అది రెండుగా చీలి, వేడిని, మరి రెండు మూడు న్యూట్రానులను విడుస్తుంది. అవి పోయి మరికొన్నింటిని చీల్చుతవి. ఈ గొలుసు సెకనులో వెయ్యవ వంతులోనో అంతకంటె తక్కువలోనో ఒక అంగ వేస్తుంది. అంత వేగంగా పెరిగేదానిని మనిషి చేతితో ఎట్లా అదుపు చేస్తాడు? ప్రకృతి ఒక దయ చూపింది. వెయ్యి న్యూట్రానులలో ఆరేడు మాత్రం వెంటనే రావు. ముహూర్తం దాటిన తరువాత తాపీగా దిగే మేనమామలవలె, కొన్ని సెకన్లకు, కొన్ని నిమిషానికి వస్తవి. ఆ ఆరేడింటికోసం ఆగవలసివుండడంవల్లనే రియాక్టరు నడిపేవాడికి ఊపిరి తీసుకొనే వ్యవధి చిక్కుతుంది. ప్లుటోనియంలో ఆ ఆలస్యపు బంధువులు వెయ్యికి రెండే. కల్పాక్కంలో నడిచే వేగ రియాక్టరులో ప్లుటోనియమే ముఖ్యమైన ఇంధనం. కాబట్టి ఆ రెండింటిని ఇంకా సరిగా కొలవడం, ఉష్ణం మారితే గొలుసు ఎంత మందగిస్తుందో లెక్కకట్టడం, ఇటువంటివాటి మీద మనిషి అయిదేళ్లు గడపవచ్చు. గడిపినవారున్నారు.

రెండవ ఉదాహరణ మన తల్లులకు ఇంకా బాగా తెలుసును. కుంపటిమీద చారు దింపి, బొగ్గులమీద నీళ్లు చల్లకుండా వదిలితే నివురు గప్పి లోపల నిప్పు చాలాసేపు ఉంటుంది. రియాక్టరు అంతే. గొలుసు ఆపివేసినా, చీలిన ముక్కలు వేడి పుట్టిస్తూనే ఉంటవి. ఆపిన క్షణంలో మొత్తం వేడిలో నూటికి ఆరు ఏడు పాళ్లు. ఒక రోజు గడచిన తరువాత కూడా దాదాపు అర పాలు. అర పాలే గదా అనుకోవద్దు. కల్పాక్కంలో కట్టిన పెద్ద వేగ రియాక్టరు 1,250 మెగావాట్ల వేడిది. అందులో అర పాలు అంటే ఆరు మెగావాట్లు. ఆ వేడిని తీసివేసే దారి లేకపోతే ఇంధనం కరుగుతుంది. 2011 మార్చి 11న జపానులో ఫుకుషిమా దగ్గర జరిగినది ఇదే. భూకంపం రాగానే రియాక్టర్లు సరిగానే ఆగినవి. వెనుకనే వచ్చిన సునామీ డీజిలు జనరేటర్లను ముంచినది. పంపులు ఆగిపోయి మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగిపోయినది.

అంతకు ఆరేళ్ల ముందే, 2004 డిసెంబరు 26న, సునామీ అంటే ఏమిటో మన తీరం చూచింది. మేము అప్పుడు కల్పాక్కంలోనే ఉన్నాము. మద్రాసు అణువిద్యుత్ కేంద్రంలో రెండవ యూనిటు నడుస్తున్నది. సముద్రపు నీరు పంపుల ఇంటిలోకి వచ్చింది. రియాక్టరు సురక్షితంగా ఆగింది. కొత్త వేగ రియాక్టరుకు పునాది వేస్తున్న గొయ్యి నీటితో నిండింది. రియాక్టరు నిలిచింది గాని, నగరులో మాతో కలిసి తిరిగినవారిలో కొందరు ఆ ఉదయం తరువాత లేరు. ఆ మాట ఇంతకంటె పెంచి చెప్పలేము.

అందుచేత ఈ నివురు గప్పిన వేడి ప్రశ్నకు మేము ఎంత బరువు ఇస్తామో మీరు గ్రహించగలరు. కొత్త రియాక్టరులో దానికి ఒక ఉపాయం ఉన్నది. వేడెక్కిన ద్రవ సోడియం తనంతట పైకి పోయి, గాలికి వేడిని ఇచ్చి, చల్లబడి కిందికి దిగుతుంది. పంపు అక్కరలేదు, కరెంటు అక్కరలేదు. చెప్పడానికి తేలిక. కాని సోడియం 98 డిగ్రీల దగ్గర కరిగి, 883 డిగ్రీల దగ్గర మరుగుతుంది. నీరు తగిలితే మండుతుంది. అద్దంలోనుంచి చూద్దామంటే వెండివలె మెరుస్తుందే గాని లోపల ఏమి కదులుతున్నదో కనబడదు. ఒక విద్యార్థి అటువంటి కదలికను నీటితో చేసిన చిన్న నమూనాలో చూచి, లెక్క కట్టి, ఆ లెక్క సోడియానికి పనికివస్తుందో లేదో తేల్చడానికి నాలుగున్నర ఏళ్లు తీసుకొన్నాడు. అందులో మొదటి రెండేళ్లు అతనికి వచ్చిన జవాబులన్నీ తప్పులే. మూడవ ఏట ఒక కొలత పరికరం రావడం ఎనిమిది నెలలు ఆలస్యమైనది. ఇంటికి పోతే బామ్మ "ఇంకా చదువు అవలేదుట్రా?" అని అడుగుతుందని సంక్రాంతికి కూడ ఊరికి పోలేదు. పట్టా పుచ్చుకొన్న తరువాత బామ్మ దగ్గర కూర్చొని, కుంపటి కథ చెప్పి, తాను చేసిన పని ఏమిటో తెలుగులో వివరించాడట. ఆవిడ అంతా విని, "అయితే నీళ్లు చల్లకుండా చల్లార్చడమన్నమాట" అన్నది. అతని సిద్ధాంత వ్యాసానికి ఇంతకంటె మంచి శీర్షిక మాకు తోచలేదు. అయితే వ్యాసాన్ని ఇంగ్లీషులోనే వ్రాయాలి గనుక ఆ శీర్షిక పెట్టుకొనే అదృష్టం అతనికి లేకపోయింది.

చేరే దారులు క్లుప్తంగా చెప్పుతాము. మన దేశంలో అణుశక్తి శాఖకు హోమీ భాభా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ అనే విశ్వవిద్యాలయం 2005లో ఏర్పడినది. ట్రాంబే, కల్పాక్కం, ఇందూరు, కలకత్తా మొదలైన చోట్ల ఉన్న శాఖవారి పరిశోధనాలయాలు, మన చెన్నపట్నంలోని గణితశాస్త్ర సంస్థ దానిలో భాగాలు. ఒక దారి: 1957లో భాభాగారు ట్రాంబేలో పెట్టిన శిక్షణ పాఠశాలలో ఇంజనీరింగు పట్టభద్రులను, ఎం.ఎస్సీ.లను పరీక్షచేసి చేర్చుకొంటారు. ఏడాది చదువు, తరువాత సైంటిఫిక్ ఆఫీసరు ఉద్యోగం, ఆ ఉద్యోగం చేస్తూ డాక్టరేటు. సాధారణ వర్గానికి వయస్సు 26 దాటరాదు. మూడేళ్లు శాఖలో పనిచేస్తామని పత్రం వ్రాసి ఇవ్వాలి. మరొక దారి: నేరుగా పరిశోధక విద్యార్థిగా చేరడం. 2023 జనవరినుంచి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పరిశోధక వేతనం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపైన 42,000; ఇంటి అద్దె వేరు. ఉద్యోగ హామీ మాత్రం లేదు. ఈ రెండు దారులకూ ఉన్న తేడా చాలామందికి తెలియదు. "కల్పాక్కంలో సీటు వచ్చింది" అనగానే సర్కారు ఉద్యోగం వచ్చిందని లడ్డూలు పంచిన ఇల్లు మాకు తెలుసును. కాన్పూరు ఐ.ఐ.టి.లో కూడ అణు ఇంజనీరింగు చదువు ఉన్నది.

చేరిన తరువాత కొంతకాలం పాఠాలు, పరీక్షలు. అటుపిమ్మట ఏటా సమీక్ష. చివర సిద్ధాంత వ్యాసం వ్రాసి, బయటి పండితులు చదివి ఒప్పుకొన్న తరువాత, నలుగురి ముందు నిలబడి సమాధానం చెప్పాలి. 2022లో యు.జి.సి. చేసిన నియమాల ప్రకారం తక్కువలో తక్కువ మూడేళ్లు, మామూలుగా ఎక్కువలో ఎక్కువ ఆరేళ్లు. మళ్లీ పేరు నమోదు చేసుకొంటే ఇంకొక రెండేళ్లు. స్త్రీలకు ఆపైన మరి రెండేళ్ల వెసులుబాటు, ప్రసూతికి, పిల్లల పెంపకానికి 240 రోజుల దాకా సెలవు ఉన్నవి. పెళ్లై మరొక ఊరు పోవలసివస్తే చేసిన పనిని అక్కడి సంస్థకు మార్చుకొనే వీలు కూడ కాగితం మీద ఉన్నది. అయితే సోడియం లూపు సామాను బండిలో ఎక్కి అత్తవారింటికి రాదు గదా! కనుక పెళ్లి మాట ఎత్తేవారు, పిల్ల చేస్తున్న పని కదిలించదగినదా కాదా అని ముందు కనుక్కోవాలి. లెక్కల పని అయితే కదులుతుంది. ప్రయోగం అయితే కదలదు.

ఇక మీరు నిజంగా భయపడవలసిన సంగతులకు వస్తున్నాము.

మొదటిది గైడు. పరిశోధనకు ఏ ఊరు, ఏ భవనం అని చూస్తారు మనవారు. అంతకంటె ముఖ్యం, ఏ మనిషి దగ్గర అన్నది. ఆయన దగ్గర ఇదివరకు ఎంతమంది చేరారు, ఎంతమంది ముగించారు, ఎన్నేళ్లకు ముగించారు, వారిప్పుడు ఎక్కడున్నారు? పెళ్లి సంబంధానికి ఏడు తరాలు అడిగే మనం ఈ నాలుగు మాటలు అడగడానికి మొగమాటపడతాము. అబ్బాయినే పంపి, పాత విద్యార్థులతో టీ తాగి రమ్మనండి, అంతా తెలుస్తుంది. సెలవులకు ఇంటికి వచ్చిన విద్యార్థి గైడు పేరు చెప్పడానికే జంకుతుంటే, తల్లి ఆ మౌనం గమనించాలి.

రెండవది ప్రశ్న. కొత్త రియాక్టరు వస్తుంది, దానిలో ప్రయోగం చేస్తాను అని పిల్లవాడు అంటే, అది వచ్చేదాకా ఏమి చేస్తావని అడగండి. కల్పాక్కంలోని 500 మెగావాట్ల వేగ రియాక్టరు నిర్మాణం 2004లో మొదలైనది. ఇంధనం నింపే పనికి నాంది 2024 మార్చిలో జరిగింది. నడుమ ఇరవై ఏళ్లు. దానినే నమ్ముకొని కూర్చున్న సిద్ధాంత వ్యాసం ఉంటే తల నెరిసిపోయి ఉండేది. తెలివైన గైడు అటువంటి ప్రశ్న ఇవ్వడు. ఉన్న పరికరంతో, రెండు మూడేళ్లలో జవాబు తేలేది ఇస్తాడు. చిన్న ప్రశ్న చిన్నతనం కాదు.

మూడవది, ఎవరూ పైకి చెప్పనిది, ఒంటరితనం. తోటివాడు బెంగుళూరులో ఇల్లు కొంటాడు, కారు కొంటాడు, వాట్సాపులో ఫోటో పెడతాడు. వీడు ఒకే గీతను ఆరు నెలలుగా చూస్తూ కూర్చుంటాడు. చేస్తున్నది ఇంట్లో చెప్పితే అర్థం కాదు; కొన్ని పనులు బయట చెప్పకూడనివి కూడ. మూడవ ఏడు, నాలుగవ ఏడు చాలా కటువైనవి. ఆ రెండేళ్లలో ఇంటివారు చేయగల మేలు ఒకటే: "ఎప్పుడు అవుతుంది?" అని అడగకుండా ఉండడం. అన్నం తిన్నావా అని అడగండి, చాలు. పిల్లవాడు నెలల తరబడి నిద్రపోవడం లేదని తెలిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరకు తీసుకొనిపోండి. డాక్టరేటు ఆగినా ఫరవాలేదు. మధ్యలో మానివేసి వచ్చినవారు చెడిపోయినవారు కారు. వారు ఎం.టెక్. పట్టాతో చక్కగా బ్రతుకుతున్నారు.

నాలుగవది ఉద్యోగం. ఈ చదువుకు మన దేశంలో చాలాకాలం యజమాని ఒక్కరే, సర్కారు. 2025 బడ్జెటులో, 2047 నాటికి లక్ష మెగావాట్ల అణువిద్యుత్తు లక్ష్యమని ప్రకటించారు. ఆనాటికి ఉన్నది తొమ్మిదివేలకు లోపు. అదే ఏడు డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన చట్టం ప్రైవేటు సంస్థలకూ తలుపు తెరిచింది. ఇవి మంచి శకునాలే. కాని ప్రకటనను జీతంగా లెక్కవేయవద్దు. ఉష్ణప్రవాహం, లోహశాస్త్రం, కంప్యూటరు లెక్కలు, ఇటువంటి పనితనం సంపాదించినవాడు అణురంగం కాకపోతే విమానాలలోనో, ఆసుపత్రి యంత్రాలలోనో బ్రతుకగలడు. అది లేక కేవలం "న్యూక్లియర్" అనే మాట పట్టాలో ఉండడం అన్నం పెట్టదు.

అమెరికా సంగతి. అక్కడ విశ్వవిద్యాలయంలో మొట్టమొదటి రియాక్టరు 1953లో ఉత్తర కరోలినాలో నడిచింది. నాటినుంచి ఈ చదువు అక్కడ బలంగానే ఉన్నది. మంచి విద్యార్థికి ఫీజు మాఫీ చేసి, బోధనలోనో పరిశోధనలోనో సహాయం చేసినందుకు నెలకింత ఇస్తారు. కాబట్టి డాక్టరేటుకోసం ఇల్లు తాకట్టు పెట్టవలసిన పని లేదు. పెట్టవలసివస్తే ఆ ప్రవేశం మంచిది కాదని తెలుసుకోండి. కాని ఒక మాట. అణు విజ్ఞానం అక్కడి చట్టాల కాపలాలో ఉన్నది. ఆ దేశ పౌరులు కానివారికి కొన్ని ప్రయోగశాలలకు ప్రవేశానికి అనుమతులు కావాలి, కొన్ని ఉద్యోగాలు అసలే దొరకవు. కంప్యూటరు చదువు చదివిన మేనల్లునికి జరిగినట్లే మనవానికి జరుగుతుందనుకోరాదు. మూడవ ఇంటివారికి ఇదే చెప్పితే కొంచెం చిన్నబుచ్చుకొన్నారు. చెప్పకపోతే మాకు నిద్ర పట్టేది కాదు.

వయస్సు మీరిపోతుందనే దిగులు కూడ వినవస్తుంది. భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగారు సన్యసించి, హిమాలయాలలో యోగసాధన చేసి, స్వామి జ్ఞానానంద అనే పేరుతో జర్మనీ వెళ్లారు. అక్కడ మనస్సు భౌతికశాస్త్రం మీదికి పోయింది. నలభై ఏళ్ల దరిదాపులలో ప్రేగులో పరిశోధన చేసి డాక్టరేటు పుచ్చుకొన్నారు. అంతటితో తృప్తిపడక, న్యూట్రానును కనుగొన్న చాడ్విక్ గారి దగ్గర లివర్‌పూలులో చేరి మరొక డాక్టరేటు చేశారు. తరువాత అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. 1954లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చి, అణు భౌతికశాస్త్ర విభాగాన్ని నిలబెట్టారు. 1969లో దేహం చాలించారు. కాషాయం కట్టిన మనిషి శూన్యనాళాలు, స్పెక్ట్రోమీటర్ల నడుమ తిరుగుతుంటే విశాఖపట్నం విద్యార్థులకు ఎట్లా ఉండేదో! ఆ భీమవరం చుట్టుపట్లనే, మోగల్లులో, 1914లో అయ్యగారి సాంబశివరావుగారు పుట్టారు. బొంబాయిలో భాభాగారి బృందంలో చేరి, 1956 ఆగస్టులో మన మొదటి రియాక్టరు అప్సర నడవడానికి కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలను మన దేశంలోనే తయారుచేయించినవారు ఆయన. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. ఆయన చేతి చలువ. వీరిద్దరూ ఊరు విడిచి ఎక్కడెక్కడో చదివి, పనిచేసినవారే, మన తాతలవలె.

మన పొరుగుసీమల తెలుగువారందరికీ ఈ శాస్త్రం ఏదో ఒక మూల ఇరుగుపొరుగే. తమిళనాట కల్పాక్కం, కూడంకుళం. కన్నడసీమలో 962 రోజులు ఆగకుండా నడిచి, 2018 చివర ఆపబడిన కైగా యూనిటు. మహారాష్ట్రలో ట్రాంబే, తారాపూరు. ఒరిస్సాలో మనవారు ఎక్కువగా ఉన్న గంజాం జిల్లాలోనే ఛత్రపూరు ఇసుక కర్మాగారం. యానాంవారికి మాత్రం దగ్గరలో ఏదీ లేదు. వారికి గోదావరి ఉన్నది, చాలును.

రెండవ ఇంటి అమ్మాయి చేరింది. ఇప్పుడు పాఠాలు వింటున్నది, ఇంకా ప్రశ్న ఎన్నుకోలేదు. మొదటి ఇంటి అబ్బాయి ఉద్యోగంలోనే చేరి, గేటు పరీక్షకు చదువుకొంటున్నాడు. వాని తండ్రి ఈ సభలోనే ఉన్నారు. గైడును గూర్చి అడగవలసిన నాలుగు ప్రశ్నలూ కాగితం మీద వ్రాసుకోవడం వేదికమీదినుంచి చూచాము.

ఆదివారాలు ఉదయం మేము ఇంట్లోనే ఉంటాము. ఈ చదువు గూర్చి మాట్లాడదలచినవారు నిరభ్యంతరంగా రావచ్చును. మార్కుల కాగితాలు తేనక్కరలేదు, పిల్లలను తీసుకొనిరండి. అమ్మాయి అయితే, కాబోయే అత్తగారు వస్తామన్నా మాకు సంతోషమే. ఆవిడకు కాఫీతోపాటు ఆ చొక్కా బిళ్ల ఎట్లా ఉంటుందో బొమ్మ వేసి చూపిస్తాము.